స్లాబు సెగ, రేకుల కొట్టం, ఇన్సులేషన్ కాంట్రాక్టరు: ఎవరికి ఏ పని చెప్పాలి

ఏప్రిల్ వచ్చిందంటే మా అనంతపురం పక్క రాత్రి పదకొండు దాటినా పై రూములో పడుకోలేం. వాకిట్లో కాస్త గాలి తిరుగుతా ఉంటాది, లోపలికొస్తే మాత్రం పొయ్యి పక్కన కూర్చున్నట్టే, ఫ్యాను వేస్తే స్లాబు సెగనే తెచ్చి మన మీద పోస్తాది. ఇంక రేకుల కొట్టం సంగతి చెప్పే పనే లేదు, మధ్యాహ్నం ఎనుములు నోరు తెరిచి రొప్పుతా ఉంటే చూడలేం. ఏదో ఒకటి చేపిద్దామని బయల్దేరితే ఒకరు పెయింటు అంటారు, ఒకరు థర్మాకోల్ అంటారు, ఇంకొకరు పఫ్ ప్యానెల్ (రెండు రేకుల మధ్య గట్టి ఫోము నింపింది) లేకపోతే దండగ అంటారు, అందరూ గ్యారంటీగానే చెప్తారు. నేను రెండేళ్ళలో ఇంటికీ తోట దగ్గర కొట్టానికీ రెండింటికీ ఈ పని చేపించినా, ఒకసారి మోసపోయినా, ఒకసారి బాగా కుదిరింది, అందుకే తెలిసింది తెలిసినట్టు రాస్తాండా.

ఇన్సులేషన్ అంటే కప్పు వేడి కిందకి దిగకుండా అడ్డం పెట్టే పని. మొదట తెలుసుకోవాల్సింది ఏందంటే, నేను తిరిగినంతలో మన ఊర్లల్లో ఇన్సులేషన్ కాంట్రాక్టరు అని విడిగా ఒక మనిషి దొరకడం కష్టం. ఆ పేరు చెప్పుకుని వచ్చేవాళ్ళు నాలుగు రకాలు. వాటర్‌ప్రూఫింగ్ చేసేవాళ్ళు, ఫాల్స్ సీలింగ్ వాళ్ళు, షెడ్లు కట్టే వెల్డింగ్ షాపు వాళ్ళు, పెయింటర్లు. ఒక్కొక్కరికి ఒక్కో పని వచ్చు, ఆ వచ్చిన పనే మీ ఇంటికి కావాల్సిన పని అని చెప్తారు, అది వాళ్ళ తప్పని కూడా అనలేం, వాళ్ళ చేతిలో ఉన్న సరుకు అదే కాబట్టి. అందుకని మనిషిని వెతికే ముందు మన కప్పు ఏ రకమో, వేడి ఏ టయానికి ఎట్లా దిగుతాందో మనమే చూసుకోవాల. అది తేలితే ఎవర్ని పిలవాలో దానంతటదే తేలుతాది.

మా అవ్వ వాళ్ళది మట్టి మిద్దె. దూలాలు, దంతెలు, వాటి మీద కంప పరిచి పైన జానెడు మందం చవుడు మట్టి, వెలుతురుకి గవాచి. పగలంతా లోపల చల్లగా ఉండేది, ఎందుకంటే అంత మందం మట్టి వేడెక్కి లోపలికి దిగేసరికి పొద్దు గూకేది, ఆ టయానికి ఇంట్లోవాళ్ళందరూ మంచాలు బయటేసుకునేవాళ్ళు. అంటే ఆ ఇంట్లో మట్టి వేడిని ఆపలేదు, ఆలస్యం చేసింది, ఆ ఆలస్యానికి తగ్గట్టు మనుషులు బతికినారు. ఇప్పుడు మనది ఐదంగుళాల స్లాబు, అది కూడా అదే పని చేస్తాది, పగలు తాగిన వేడిని కొన్ని గంటలు ఆలస్యంగా కిందకి వదుల్తాది. తేడా ఏందంటే ఇప్పుడు మనం లోపలే పడుకుంటాం, అది కూడా తలుపులు మూసుకుని.

కాంక్రీటు గట్టిగా మందంగా ఉంది కదా వేడిని ఆపదా అని మా నాయన అడిగినాడు. లెక్క చూస్తే ఆశ్చర్యం వేస్తాది. ఒక సరుకు వేడిని ఎంత సులభంగా దాటనిస్తాదో చెప్పే నంబరు ఒకటి ఉంటాది, కండక్టివిటీ అంటారు, తక్కువ ఉంటే మేలు. కాంక్రీటుది దగ్గర దగ్గర 1.58, థర్మాకోల్‌ది 0.036. అంటే ఐదంగుళాల స్లాబు వేడిని అడ్డుకునేది, మూడు మిల్లీమీటర్ల థర్మాకోల్ అడ్డుకున్నంతే! పఫ్ ఇంకా మేలు, 0.023 నుంచి 0.028 మధ్య ఉంటాది, ఎక్స్‌పీఎస్ అని గట్టి బోర్డులు వస్తాయి అవి 0.03 చుట్టుపక్కల, గాజు పీచు, రాతి పీచుతో చేసే గ్లాస్‌వూల్ రాక్‌వూల్ 0.035 నుంచి 0.045. ఇంక రేకుది యాభై దాకా ఉంటాది, అందుకే రేకు కింద నిలబడితే వేడి నెత్తి మీద కొట్టినట్టే ఉంటాది, ఆలస్యం అనే మాటే లేదు, మబ్బు పడితే చల్లబడతాది, ఎండ రాగానే కాలుతాది.

కేంద్రం కింద పనిచేసే బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ వాళ్ళు 2018లో ఎకో నివాస్ సంహిత అని ఇళ్ళకి ఒక కోడ్ తెచ్చినారు, దాంట్లో కప్పు యూ వాల్యూ 1.2 దాటకూడదని ఉంది. యూ వాల్యూ అంటే కప్పు మొత్తం మీద ఒక చదరపు మీటరు నుంచి ఒక్కో డిగ్రీ తేడాకి ఎన్ని వాట్ల వేడి దిగుతాదో ఆ లెక్క. ఏమీ చేయని ఐదంగుళాల స్లాబుకి అది దాదాపు 3.4 వస్తాది. దాని మీద 20 ఎం.ఎం. మంచి థర్మాకోల్ ఉంటేనే 1.2కి దిగుతాది, 40 ఎం.ఎం. ఎక్స్‌పీఎస్ వేస్తే 0.6 దగ్గరికి వస్తాది. ఈ లెక్క మీ ఇంటికొచ్చిన మనిషిని అడగండి, నోటి లెక్క చాలు. చెప్పగలిగితే సరుకు గురించి తెలిసినోడు. "అవన్నీ ఎందుకన్నా, చల్లగా ఉంటాది చూడు" అంటే ఇంకొకరిని కూడా పిలవండి.

ఇక్కడ అందరూ కలిపేసే రెండు పనులు విడదీయాల. కూల్ రూఫ్ పెయింటు వేరే, ఇన్సులేషన్ వేరే. తెల్ల పెయింటు, సున్నం, తెల్ల టైల్సు, చైనా చిప్స్ అనే పింగాణీ ముక్కలు ఇవన్నీ ఎండని వెనక్కి కొడతాయి, స్లాబుని వేడెక్కనియ్యవు. ఇన్సులేషన్ అట్లా కాదు, వేడెక్కినా దాన్ని కిందికి దిగనియ్యదు. స్లాబు ఇంటికి డబ్బులు తక్కువుంటే నేను మొదట తెల్ల కోటింగే చేపించమంటా, ఎందుకంటే మన ఇంటి సెగకి మూలం స్లాబు మీద పడే ఎండే, పైగా రాత్రిపూట స్లాబు చల్లబడడానికి అది అడ్డం కాదు. తెలంగాణలో 2023లో కూల్ రూఫ్ పాలసీ అని ప్రత్యేకంగా తెచ్చింది కూడా ఇందుకే. కానీ మన పక్క దుమ్ము శానా, తెల్ల పెయింటు ఒక్క ఏడాదికే బూడిద రంగుకి తిరుగుతాది, ఎండాకాలం ముందు ప్రతి సంవత్సరం నీళ్ళు కొట్టి బ్రష్షుతో కడగాల, కడగకపోతే సగం పని అక్కడే పోతాది. దీన్ని ఏ కాంట్రాక్టరూ చెప్పడు.

"మా పెయింటు వేస్తే పదిహేను డిగ్రీలు తగ్గుతాది" అని అంటారు కదా, ఆ మాట అబద్ధం కాదు, కానీ మనకి అర్థమయ్యేది వేరే. మిట్టమధ్యాహ్నం నల్లబడిన స్లాబు పై మొఖం అరవై డిగ్రీలుంటే తెల్ల కోటింగు పక్కన నలభై ఐదుండొచ్చు, నిజమే. అది స్లాబు పైన. మీ మంచం దగ్గర గాలిలో తగ్గేది రెండు మూడు డిగ్రీలు, బాగా పనిచేస్తే నాలుగు. ఆ రెండు మూడే ఒళ్ళు చెమట పట్టకుండా నిద్ర పట్టిస్తాయి, నేను తక్కువ చేయట్లే, కానీ పదిహేను అనుకుని డబ్బు పెట్టినోడు రేపు మోసపోయినా అనుకుంటాడు.

ఇంకో సంగతి, ఇది నాకు జరిగింది. కొట్టానికి రేకు కింద వెండి రంగు బబుల్ ఫాయిల్ (గాలి బుడగల షీటుకి మెరిసే అల్యూమినియం అతికించింది) వేస్తానని ఒకతను వచ్చినాడు, చేతిలో టెంపరేచర్ గన్ను. రేకు మీదకి పెట్టి చూపిస్తే 58, తెచ్చిన ఫాయిల్ ముక్క రేకు కింద పట్టి దాని మీదకి పెడితే 34. మా నాయన, నేను ఇద్దరం నోరు తెరుచుకుని చూసినాం, అక్కడికక్కడే అడ్వాన్సు ఇచ్చేసినాం. తర్వాత తెలిసింది, ఆ గన్ను వస్తువు నుంచి వచ్చే వేడి కిరణాలని చూసి లెక్కేస్తాది, మెరిసే అల్యూమినియం ఆ కిరణాలు శానా తక్కువ వదుల్తాది, అద్దం మాదిరి ఎదురుగా ఉన్న నేల వేడిని, గోడ వేడిని చూపిస్తాది. అంటే ఫాయిల్ ఎంత కాలినా గన్నులో చల్లగానే కనిపిస్తాది. మీకెవరైనా అట్లా చూపిస్తే ఫాయిల్ మీద నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క ఒకటి అతికించి, ఐదు నిమిషాలు ఆగి ఆ టేపు మీద పెట్టమనండి, అసలు నంబరు వస్తాది.

ఫాయిల్ పనికిరాదని కాదు నేను చెప్పేది. రేకు కొట్టంలో వేడి ఎక్కువగా కిరణాల మాదిరి కిందకి వస్తాది, దాన్ని ఆపడానికి ఫాయిల్ తక్కువ ఖర్చులో మంచి సరుకు. కానీ మెరిసే మొఖానికి ఎదురుగా గాలి ఖాళీ ఉండాల, కనీసం ఒక అంగుళం. రేకుకి, దాన్ని మోసే అడ్డ ఇనుప బద్ద పర్లిన్‌కి మధ్య నొక్కి బిగించేసి, కింద మళ్ళీ సీలింగు షీటు ఆనిస్తే ఫాయిల్ మెరుపు ఎవరికీ ఉపయోగపడదు, మిగిలేది ఆ బుడగల మందం మాత్రమే. మెరిసే మొఖం కిందకి చూడడం మేలు, పైకి చూస్తే దానిమీద దుమ్ము పేరుకుని రెండేళ్ళకే మందగిస్తాది.

కొట్టాలకి ఇంకొన్ని మాటలు. గొడ్ల కొట్టానికి గోడల ఇన్సులేషన్ అవసరమే లేదు, పక్కలు తెరిచి ఉండాల, గొడ్లు కూడా వేడి వదుల్తాయి, ఆ వేడి, తేమ పైకి పోవడానికి నడినెత్తిన సందు ఉండాల. కొట్టం పొడవు తూర్పు పడమరలకి ఉంటే ఎండ లోపలికి తక్కువ పడతాది. ఎనుములకి చర్మం నలుపు, చెమట గ్రంథులు తక్కువ, అందుకే కప్పు సెగ వాటికి ఆవుల కంటే ఎక్కువ తగుల్తాది, పాలు తగ్గేది కూడా ఆ రోజుల్లోనే. పట్టుపురుగుల షెడ్డు దీనికి పూర్తిగా వేరే, హిందూపురం, మడకశిర పక్క రైతులకి ఇది బాగా తెలుసు, పురుగుకి 24 నుంచి 28 డిగ్రీల మధ్య వేడి, తగినంత తేమ రెండూ కావాల, అక్కడ కప్పుతో పాటు గోడలు, కిటికీలు కూడా చూడాల్సిందే, అక్కడ ఫాయిల్‌తో సరిపెట్టుకోవద్దు. కొత్తగా కట్టేవాళ్ళకైతే 50 ఎం.ఎం. పఫ్ ప్యానెల్ పెట్టుకోమంటా, రెండు రేకుల మధ్య ఫోము, ఖర్చు ఎక్కువే గానీ రేకు డబ్బు, ఇన్సులేషన్ డబ్బు కలిపి చూస్తే అంత తేడా అనిపించదు. ఫోము డెన్సిటీ 40 అని, అంటే ఘనపు మీటరుకి 40 కిలోలు అని బిల్లులో రాపించుకోండి.

మంట గురించి ఎవరూ మాట్లాడరు, నేను గట్టిగా చెప్తా. థర్మాకోల్, పఫ్ రెండూ అంటుకునేవే, పొగ శానా విషం. వరిగడ్డి, శెనక్కాయ కట్టె నిల్వ చేసే చోట తెరిచిన ఫోము పైన ఉండి కింద జాయింట్లు వేసిన కరెంటు వైరు వేలాడతా ఉంటే అది ప్రమాదాన్ని ఇంట్లో పెట్టుకున్నట్టే. థర్మాకోల్‌లో మంటని తట్టుకునే గ్రేడు వేరే వస్తాది, అది అడగండి, వైర్లన్నీ పైపులో పోవాల, ఫోము కింద షీటుతో మూయాల. రాక్‌వూల్ అంటుకోదు, గడ్డి కొట్టానికి అదే నయం, కానీ దాన్ని కూడా మూయకపోతే ఎలుకలు, పిచ్చుకలు పీకి గూళ్ళు కడతాయి.

ఇప్పుడు స్లాబు ఇంటి దగ్గర జరిగిన కథ చెప్తా. స్లాబు కింద సీలింగు కొట్టి థర్మాకోల్ పెట్టమని ఒకరు, పైన పరిచి కాంక్రీటు వేద్దామని ఇంకొకరు. కింద పెడితే పని తొందర, వర్షంతో సంబంధం లేదు, కానీ స్లాబు ఎండలోనే ఉడుకుతా ఉంటాది, పగుళ్ళు ఆగవు. పైన పెడితే స్లాబు మొత్తం చల్లగా ఉంటాది, ఇంటికి ఆయుష్షు. అందుకే పైన చేపించినాం. సరుకు దిగిన రోజు మా అమ్మ ఒక షీటు ఎత్తి "ఏం నాయనా, ఇది గాలికే ఎగిరిపోయేటట్టుంది" అని పనివాణ్ణి అడిగింది. అప్పుడు నాకు తట్టి, కూరగాయల కాటా తెచ్చి తూచినా. మీటరు పొడవు, అరమీటరు వెడల్పు, 50 ఎం.ఎం. మందం షీటు, మేం రాసుకుంది 20 డెన్సిటీ, అంటే అరకిలో తూగాల. తూగింది 280 గ్రాములు. అంటే డెన్సిటీ పదకొండు. అది టీవీ డబ్బాల్లో వచ్చే ప్యాకింగ్ రకం, మీద కాంక్రీటు పడితే అణిగిపోతాది. సరుకంతా వెనక్కి పంపించినాం. ఈ తూకం లెక్క ఎవరైనా చేసుకోవచ్చు: పొడవు, వెడల్పు, మందం మీటర్లలో గుణించి, దాన్ని డెన్సిటీతో గుణిస్తే కిలోలు వస్తాయి. సరుకు నాణ్యతకి ఐఎస్ అని మన దేశపు ప్రమాణాల నంబర్లు ఉంటాయి, థర్మాకోల్‌కి ఐఎస్ 4671, పఫ్ బోర్డుకి ఐఎస్ 12436, గ్లాస్‌వూల్ రాక్‌వూల్‌కి ఐఎస్ 8183, ఈ నంబర్లు కొటేషన్‌లో రాయమనండి, రాయనంటే కారణం అడగండి.

పైన పరిచే పని వరస కూడా తెలిసుండాల, ఎందుకంటే దీంట్లో ఒక్క మెట్టు తప్పినా పాడు. ముందు పాత పగుళ్ళు పూడ్చి, నీళ్ళు పోయే వాలు సరిచేసి, వాటర్‌ప్రూఫింగ్ చేసి, నీళ్ళు కట్టి రెండు రోజులు నిలబెట్టి చూడాల. కారట్లేదని తేలినాకనే బోర్డులు. ఆ బోర్డుల మీద ప్లాస్టిక్ కవరు, దాని మీద ఇనుప జాలీ పెట్టి రెండంగుళాల కాంక్రీటు, మధ్యమధ్యలో జాయింట్లు వదలాల, చివర తెల్ల టైల్సు. నీళ్ళు ఒకసారి బోర్డుల్లోకి దిగితే అవి వేడిని ఆపే గుణం తగ్గిపోతాది, పైగా యాడ కారుతాందో కనుక్కోలేం. అతికించే జిగురు కూడా చూడండి, మామూలు రబ్బరు సొల్యూషన్, థిన్నర్ కలిసినవి థర్మాకోల్‌ని కరిగించేస్తాయి, మా ఇంట్లో ఒక మూలన చెయ్యి పట్టేంత గుంత అట్లానే పడింది.

బండల మిద్దెలున్నవాళ్ళు జాగ్రత్త. బేతంచెర్ల, తాడిపత్రి, కడప పక్క నాపరాళ్ళు పరిచిన పాత ఇళ్ళు శానా ఉండాయి, వాటి మీద ఈ రెండంగుళాల కాంక్రీటు వేస్తే చదరపు మీటరుకి వంద కిలోల పైన బరువు పడతాది, దూలాలు ఎట్లున్నాయో చూడకుండా ఎవరు చేస్తానన్నా ఒప్పుకోవద్దు. సందులు పూడ్చి తెల్ల కోటింగు వేసి, కింద తేలికైన సీలింగు పెట్టుకోవడమే వాటికి దారి.

సిమెంటు రేకుల కొట్టమైతే పనివాళ్ళ ప్రాణం గురించి ముందే మాట్లాడండి. పాత రేకు మీద నేరుగా కాలు పెడితే విరిగి కింద పడతారు, చెక్క పలకలు వేసుకుని వాటి మీదే నడవాల. ఆస్బెస్టాస్ (రాతినార) కలిసిన సిమెంటు రేకుని పొడిగా కోయడం, డ్రిల్లు కొట్టడం వద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో కూర్చుంటాది, తడిపి, మాస్కు పెట్టుకుని చేయాల. గ్లాస్‌వూల్ పనికి కూడా చేతులకి గ్లోవ్స్ ఉండాల. రోజు కూలికి వచ్చిన పిల్లోడు ఇవేవీ అడగడు, ఇంటివాళ్ళే అడగాల.

డబ్బు దగ్గర చదరపు అడుగు రేటు మీదే అందరూ బేరం చేస్తారు, అసలు చిక్కు కొలతలో ఉంటాది. పిట్టగోడ మీదకి ఎక్కించిన అడుగు, షీట్ల ఓవర్‌లాప్, చెత్త కింద పోయే ముక్కలు, ఇవి ఎవరి లెక్కలోకి వస్తాయో ముందే రాసుకోకపోతే వెయ్యి అడుగుల ఇల్లు పదమూడు వందలవుతాది. పెయింటయితే లీటరుకి ఎన్ని అడుగులు అని డబ్బా మీదే ఉంటాది, మీ కొలతతో భాగిస్తే ఎన్ని డబ్బాలు కావాలో వస్తాది, సీలు మీ ఎదురుగా తీయమనండి, ఖాళీ డబ్బాలు మీ దగ్గరే పెట్టుకోండి, నీళ్ళు ఎక్కువ కలిపితే మొదటి వానకే పొర లేస్తాది. మేం మొత్తంలో మూడో వంతు అడ్వాన్సు, సరుకు దిగి తూకం సరిపోయినాక ఇంకో మూడో వంతు, పనయినాక మిగతాది ఇచ్చినాం, పది శాతం మాత్రం ఒక వానాకాలం దాటినాకనే అని కాగితంలో రాసినాం. మొదట గొణిగినాడు గానీ ఒప్పుకున్నాడు. గ్యారంటీ అని నోటితో చెప్పేది దేనికి గ్యారంటీ అని కూడా రాపించుకోండి, కారడానికా, పొర లేవడానికా, వేడికా.

వేడి తగ్గిందా లేదా అని చూసుకోవడానికి గన్ను వద్దు, మామూలు గది థర్మామీటరు చాలు. పనికి ముందు వారం రోజులు మంచం ఎత్తులో వేలాడదీసి మధ్యాహ్నం మూడింటికి, రాత్రి పదింటికి రాసుకోండి, అదే టయానికి బయట నీడలో కూడా. పని అయినాక మళ్ళీ రాయండి. బయట ఎంతుందో పక్కన లేకపోతే ఆ నంబరుకి అర్థం లేదు, వానొచ్చి చల్లబడితే అది కూడా కాంట్రాక్టరు ఖాతాలో పడతాది. మాది రాత్రి పదింటికి ఇదివరకు బయటకంటే ఐదు డిగ్రీలు ఎక్కువుండేది, ఇప్పుడు రెండు ఉంటాంది. ఇంకోటి, ఇన్సులేషన్ లోపలి వేడిని కూడా బయటికి పోనియ్యదు, ఏసీ లేని ఇల్లయితే రాత్రి కిటికీలు తెరిచి గాలి ఆడనియ్యాల, మూసుకుని పడుకుని పని చేయలేదంటే ఎట్లా.

పిలిచే టయం జనవరి, ఫిబ్రవరి. మన పక్క అక్టోబరు, నవంబరు దాకా వానలు పడతానే ఉంటాయి, అప్పటికి స్లాబు ఆరదు. మే నెలలో అయితే కాంక్రీటుకి పెట్టిన నీళ్ళు గంటలో ఎగిరిపోతాయి, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం తడిపినా చాలదు, పైగా అప్పుడే అందరూ పిలుస్తారు కాబట్టి మేస్త్రీ మన ఇంట్లో పొద్దున, ఇంకొకరింట్లో మధ్యాహ్నం ఉంటాడు.